గోడ దాటాల్సిన 8 మెగాబైట్లు

అప్పట్లో హాంకాంగ్ వెళ్లడానికి మనవాళ్లకు వీసా అక్కర్లేదు. పాస్‌పోర్టు చూపిస్తే 14 రోజులు ఉండనిచ్చేవారు. 2017 జనవరి నుంచి ముందుగా ఆన్‌లైన్‌లో నమోదు చేసుకోవాల్సి వచ్చింది గానీ, 2015 డిసెంబర్‌లో ఆ బెడద లేదు. 'స్కేలింగ్ బిట్‌కాయిన్' రెండో సమావేశం ఆ నెల 6, 7 తేదీల్లో హాంకాంగ్‌లో అని తెలియగానే టికెట్ కొనేశానంటే సగం కారణం అదే. మిగతా సగం నా వృత్తి. హైదరాబాద్‌లో లోడ్ టెస్టింగ్ చేసి బతికేవాణ్ణి. పండగ అమ్మకాల రోజున ఒక సైటు ఎంతమందిని తట్టుకుంటుందో ముందే కొలిచి చెప్పడం నా పని. స్టేజింగ్‌లో నిక్షేపంగా నడిచిన సిస్టమ్ ప్రొడక్షన్‌లోకి వచ్చాక చతికిలబడటం మా రంగంలో ఎవరికీ కొత్త కాదు. అలా పడితే పాత వెర్షన్‌కు వెనక్కి వెళ్తాం, మేనేజర్‌తో చీవాట్లు తింటాం, అంతటితో సరి. కానీ మేనేజరే లేని సిస్టమ్ సంగతేమిటి? ఆపడానికి ఎవరి చేతిలోనూ స్విచ్ లేదు. అందులో అప్పటికి దాదాపు 600 కోట్ల డాలర్ల విలువ ఉంది. దాని సామర్థ్యాన్ని పెంచే ముందు ఎవరు, ఎక్కడ, ఎలా పరీక్షిస్తారో దగ్గరుండి చూడాలనిపించింది.

బస చిమ్ షా చుయ్‌లోని చుంకింగ్ మాన్షన్స్‌లో. మన దేశపు యాత్రికుల్లో డబ్బు తక్కువ, ఓపిక ఎక్కువ ఉన్నవాళ్లు చేరేది అక్కడికే. కింద సిమ్ కార్డులు, డబ్బు మార్పిడి, బిర్యానీ, సమోసాలు. పైకి వెళ్లాలంటే లిఫ్టు ముందు క్యూ. కాలేజీలో నాకు సీనియర్ ఒకాయన హాంకాంగ్‌లోనే బ్యాంకు ఉద్యోగం చేస్తున్నాడు. మొదటి రాత్రి భోజనానికి వచ్చాడు. నేనెందుకొచ్చానో చెబితే పకపకా నవ్వాడు.

"ఏంటిరా గొడవ? బ్లాకు ఒక మెగాబైటు ఉండాలా, ఎనిమిది ఉండాలా అనా?"

"అంతే అన్నా."

"నా ఫోన్లో ఒక్క ఫొటోనే నాలుగు మెగాబైట్లు కదరా!"

నిజమే. వినడానికి వెర్రిగానే ఉంటుంది. బిట్‌కాయిన్‌లో సగటున పది నిమిషాలకొక బ్లాకు పుడుతుంది. ఆ పది నిమిషాల లావాదేవీలన్నీ అందులో ఇమడాలి. బ్లాకు 1 మెగాబైటు మించకూడదన్న నియమం 2010లో బిట్‌కాయిన్ సృష్టికర్త సతోషి నకమోటో పెట్టిందే. దాంతో ప్రపంచం మొత్తానికి కలిపి సెకనుకు మూడో నాలుగో లావాదేవీలు, లెక్క కోసం బాగా సాగదీస్తే ఏడు. బిట్‌కాయిన్ ప్రోగ్రామర్ గావిన్ యాండ్రసన్ తెచ్చిన బిప్ 101 ప్రతిపాదన ప్రకారం 2016 జనవరికి ఆ పరిమితి 8 మెగాబైట్లవుతుంది, ఆ తర్వాత రెండేళ్లకోసారి రెట్టింపు చొప్పున ఇరవై ఏళ్లు పెరుగుతుంది. ఈ 8 ఎక్కడిదంటే, ఆయన మొదట అన్నది 20. మా లైన్లు అంత మోయలేవు, 8 అయితే సరేనని 2015 జూన్‌లో చైనా మైనింగ్ పూల్స్, అంటే బ్లాకులు కనుక్కునే మైనర్ల కూటములు, ఉమ్మడిగా చెప్పాయి. అది కొలిచి చెప్పిన సంఖ్య కాదు, బేరమాడి తెచ్చుకున్నది. చైనావాళ్లకు ఎనిమిది శుభసంఖ్య కదా అని సమావేశం వరండాల్లో ఎగతాళి చేసుకోవడమూ విన్నాను.

ఫొటోను ఒక్కరికి పంపితే చాలు. బ్లాకు అలా కాదు. బిట్‌కాయిన్ సాఫ్ట్‌వేర్ నడిపే ప్రతి కంప్యూటర్‌కూ, అంటే ప్రతి నోడ్‌కూ చేరాలి, ప్రతి నోడ్ దాన్ని మొదటి నుంచి చివరిదాకా సరిచూడాలి, శాశ్వతంగా దాచుకోవాలి. తర్వాతి బ్లాకు పుట్టేలోగా ఇదంతా జరిగిపోవాలి. బ్యాంకాయనకు ఇది ఎక్కలేదు. అందుకని జరిగిన కథలు రెండు చెప్పాను.

మొదటిది 2013 మార్చిది. బిట్‌కాయిన్ సాఫ్ట్‌వేర్‌లో అప్పుడే వచ్చిన 0.8 వెర్షన్ కొత్త డేటాబేస్‌తో నడుస్తోంది, 0.7 ఇంకా పాతదానితోనే. 225430వ బ్లాకులో లావాదేవీలు మామూలు కంటే బాగా ఎక్కువ. అయినా నియమం ప్రకారం అది 1 మెగాబైటు లోపలిదే. కొత్త వెర్షన్ నోడ్లు దాన్ని ఒప్పుకున్నాయి. పాతవాటిలో చాలా నోడ్లు తిప్పికొట్టాయి. పాత డేటాబేస్ ఒకేసారి వేయగలిగే లాక్‌ల సంఖ్యకు ఒక హద్దు ఉంది. ఆ హద్దు ఉందనే ఎవరికీ తెలియదు. చెయిన్ రెండుగా చీలి గంటల తరబడి విడివిడిగా సాగింది. పెద్ద పూల్స్ అప్పటికే సంపాదించిన కాయిన్లను వదులుకుని పాత వెర్షన్‌కు వెనక్కి వస్తేగాని మళ్లీ ఒక్కటి కాలేదు. పేరుకు ఉన్న పరిమితి ఒకటి, నిజంగా మోయగలిగింది ఇంకొకటి. నా వృత్తిలో ఇలాంటివి ఎన్నో చూశాను గానీ డబ్బు ఇలా రెండుగా చీలడం ఎక్కడా చూడలేదు.

రెండోది నేను హాంకాంగ్ వెళ్లిన ఏడాదే, 2015 వేసవిలో. నెట్‌వర్క్ ఎంత బరువు మోస్తుందో చూపిస్తామంటూ కొందరు అసలు నెట్‌వర్క్ మీదనే చిల్లర లావాదేవీల వర్షం కురిపించి, దానికి 'స్ట్రెస్ టెస్ట్' అని పేరు పెట్టారు. ఆ చెత్తను ఊడ్చేయాలని ఎఫ్‌టూపూల్ అనే మైనింగ్ పూల్ ఒకే ఒక్క లావాదేవీతో బ్లాకంతా నింపింది. బ్లాకు 1 మెగాబైటు దాటలేదు. కానీ దాన్ని సరిచూడటానికి మామూలు కంప్యూటర్లకు పాతిక సెకన్ల దాకా పట్టింది. ఆనాటి సంతకాల పద్ధతిలో లావాదేవీ పొడవు రెట్టింపైతే సరిచూసే పని నాలుగింతలవుతుంది. 8 మెగాబైట్ల బ్లాకులో ఎవరైనా అలాంటి లావాదేవీ ఒక్కటి పెడితే? మా అన్న ఇక్కడ కాస్త సర్దుకుని కూర్చున్నాడు. బ్యాంకుల్లో పనిచేసేవాళ్లకు ఆలస్యం భాష బాగా తెలుసు.

కొత్త వంతెన కడితే దాని మీద ఇసుక లారీలు వరసగా నిలిపి ఎంత వంగిందో కొలుస్తారు, తర్వాతే జనాన్ని వదులుతారు. బిట్‌కాయిన్‌కు ఆ వీలు లేదు. జనం ఇరవై నాలుగు గంటలూ నడుస్తున్న వంతెన అది. అందుకని పక్కనే నకలు వంతెన ఒకటి కట్టుకున్నారు. అదే టెస్ట్‌నెట్. నియమాలు ఇంచుమించు అవే, కాయిన్లకు మాత్రం విలువ లేదు. విలువ లేకపోవడమే దాని సుగుణం, దాని లోపం కూడా.

సమావేశం జరిగిన సైబర్‌పోర్ట్ హాంకాంగ్ దీవికి నైరుతి కొసన ఉంది. అప్పటికి అటు మెట్రో లేదు. సెంట్రల్ నుంచి బస్సు ఎక్కితే కొండ అంచు పట్టుకుని వెళ్లి సముద్రం పక్కన దించుతుంది. ఎదురుగా కంటైనర్ ఓడలు, వెనకాల ఆకాశాన్నంటే అపార్ట్‌మెంట్లు. హాల్లో కూర్చున్నవాళ్లలో ప్రోగ్రామర్లు, మైనర్లు, ఎక్స్‌చేంజ్‌లవాళ్లు, కాస్త అయోమయంగా నాలాంటివాళ్లు. ఒక మూల బ్రయన్ బిషప్ అనే ప్రోగ్రామర్ వేదిక మీద మాట్లాడేవాళ్ల మాటలను అప్పటికప్పుడు టైపు కొట్టేస్తున్నాడు. ఆ వేగం చూడటానికే చాలామంది ఆయన వెనక నిలబడటం చూశాను.

అక్కడ ఎక్కువ చప్పట్లు పడ్డది ప్రోగ్రామర్ పీటర్ వుల్లే ప్రసంగానికి. లావాదేవీలోని సంతకాలను విడదీసి వేరేగా లెక్కిస్తే, పాత నోడ్లు కూలకుండానే మామూలు లావాదేవీలకు ఇంచుమించు 1.75 రెట్ల చోటు దొరుకుతుందని ఆయన చూపించాడు. దాని పేరే సెగ్విట్. సంతకాల పని నాలుగింతలయ్యే జబ్బు కూడా ఆ కొత్త రకం లావాదేవీల్లో పోతుంది. గొప్ప ఆలోచన, కాదనను. కానీ నా మట్టుకు నాకు, ఆ రెండు రోజుల్లో అత్యంత విలువైన ప్రసంగం జోనథన్ టూమిమ్‌ది. మిగతావాళ్లు ప్రతిపాదనలు తెచ్చారు. ఆయన కొలతలు తెచ్చాడు.

ఆయన చేసింది చెప్పుకుంటే చిన్న పనే. టెస్ట్‌నెట్‌లో బిప్ 101ను అమలుచేసి, 8 మెగాబైట్లు దాటిన బ్లాకులను కూడా తవ్వించి, రకరకాల దేశాల్లో పెట్టిన నోడ్లకు అవి ఎప్పుడు చేరాయో, సరిచూడటానికి ఎంత పట్టిందో రాసుకున్నాడు. చైనా లోపలి నుంచి లోపలికి ఫరవాలేదు. చైనా బయట ఒక దేశం నుంచి మరో దేశానికీ ఫరవాలేదు. సరిహద్దు దాటాల్సి వచ్చినప్పుడే బ్లాకు నత్తనడక నడుస్తోంది. ఇబ్బంది ప్రాసెసర్‌లో లేదు, డిస్కులో లేదు, సాఫ్ట్‌వేర్‌లో ఉన్నదీ కొంతే. అసలు అడ్డు గ్రేట్ ఫైర్‌వాల్, చైనా ఇంటర్నెట్ చుట్టూ ప్రభుత్వం కట్టిన గోడ. 8 మెగాబైట్లు ప్రస్తుతానికి ఎక్కువేనని, అంతకంటే బాగా తక్కువతో మొదలుపెట్టాలని ఆయన తేల్చాడు. పెద్ద బ్లాకుల పక్షాన ఉన్న మనిషి తన పక్షానికి నచ్చని ఫలితాన్ని తనే తెచ్చి అందరి ముందు పెట్టడం నాకు బాగా నచ్చింది. మరుసటి నెలలోనే ఆయన చేరిన బిట్‌కాయిన్ క్లాసిక్ బృందం అడిగింది 2 మెగాబైట్లే.

ఈ ఆలస్యం ఎవరి మెడకు చుట్టుకుంటుంది? గోడ వెనక ఉన్న చైనా మైనర్లకే నష్టమని తోస్తుంది. నేనూ అలాగే అనుకుంటూ విన్నాను. లెక్క వేస్తే తిరగబడింది. అప్పుడు బ్లాకు కనుక్కున్నవాడికి 25 బిట్‌కాయిన్లు, అంటే ఇంచుమించు 10 వేల డాలర్లు. నీ బ్లాకు మిగతావాళ్లకు 10 సెకన్లు ఆలస్యంగా చేరితే, ఆలోగా మరొకరు పోటీ బ్లాకు కనుక్కునే అవకాశం నూటికి 1.6 పైచిలుకు; 30 సెకన్లయితే నూటికి 5 దాకా. ఆ పోటీలో ఎవరి బ్లాకు మీద ఎక్కువ మంది పని మొదలుపెడతారో వాళ్లే నెగ్గుతారు. మైనింగ్ శక్తిలో సగానికి పైగా గోడకు లోపలే ఉంది. కాబట్టి బ్లాకు పెద్దదై గోడ దగ్గర నిలిచిపోతే ఓడేది బయటివాళ్లు. ఐస్‌లాండ్‌లోనో జార్జియాలోనో యంత్రాలు పెట్టుకున్నవాడు తన తప్పేమీ లేకుండా నష్టపోయి మెల్లగా తప్పుకుంటాడు. సామర్థ్యం పెంచిన పుణ్యాన మైనింగ్ ఇంకా ఒకే దేశంలోకి పోగవుతుంది.

రెండో రోజు మైనర్లను వేదిక మీద కూర్చోబెట్టారు. ఎఫ్‌టూపూల్, బీటీసీసీ, బిట్‌మెయిన్ తరఫువాళ్లు ఒకే బల్ల వెనక ఉన్నారు. నెట్‌వర్క్ శక్తిలో అత్యధిక భాగం ఆ కుర్చీల్లోనే ఉంది. యజమానే లేడనుకున్న వ్యవస్థ నిర్ణయం కొద్దిమంది ముఖాల్లో కనబడటం వింతగా అనిపించింది. ప్రశ్న ఇంగ్లిష్‌లోనూ జవాబు చైనీస్‌లోనూ, మధ్యలో అనువాదం. వాళ్ల మాటల సారం నాకర్థమైనంతలో ఇది: పెంచండి, కానీ జాగ్రత్తగా, అందరూ ఒప్పుకున్నదే చేస్తాం.

సమావేశం అయ్యాక నేరుగా ఇంటికి రాలేదు. చైనా వీసా ముందే వేయించుకున్నాను. హంగ్‌హోమ్‌లో రైలెక్కి లోవూలో దిగి, నదిపై వంతెన మీదుగా నడిచి షెన్‌జెన్‌లో అడుగుపెట్టాను. హాంకాంగ్ సిమ్‌తో రోమింగ్‌లో ఉన్నంతసేపూ గూగుల్ పనిచేసింది. రోమింగ్ డేటా హాంకాంగ్ మీదుగానే పోతుంది కాబట్టి గోడకు దొరకదు. హోటల్ వైఫైలోకి మారగానే ఆగిపోయింది.

గదిలో కూర్చుని నాదైన చిన్న పరీక్ష పెట్టుకున్నాను. అద్దెకు తీసుకున్న రెండు సర్వర్లలో, ఒకటి బీజింగ్‌లో, ఇంకొకటి హాంకాంగ్‌లో, 8 మెగాబైట్ల ఫైలు ఉంచాను. బీజింగ్ ఎక్కడో రెండు వేల కిలోమీటర్ల ఆవల. హాంకాంగ్ నడిచి వచ్చేంత దూరం. బీజింగ్ ఫైలు ఇట్టే దిగింది. హాంకాంగ్‌ది తెల్లవారుజామున ఫరవాలేదనిపించి, రాత్రి భోజనాల వేళకు పాకడం మొదలుపెట్టింది. చైనా నుంచి బయటికి పోయే ట్రాఫిక్‌కు అప్పట్లో ప్రధాన ద్వారాలు బీజింగ్, షాంఘై, గ్వాంగ్‌జౌ. మూడే మూడు. జనమంతా ఇళ్లకు చేరి ఫోన్లు, టీవీలు తెరిచే వేళకు అవి కిక్కిరిసిపోయి ప్యాకెట్లు రాలిపోయేవి. మామూలుగా మనం వాడే టీసీపీకి ఒక స్వభావం ఉంది. ప్యాకెట్ పోయిందంటే దారి రద్దీగా ఉందనుకుని వేగాన్ని బాగా తగ్గించుకుంటుంది. మళ్లీ మెల్లగా పెంచుకుంటుంది, మళ్లీ ఒక ప్యాకెట్ పోతుంది, మళ్లీ తగ్గుదల. లైను ఎంత వెడల్పుదైనా నూటికి ఒకటి రెండు ప్యాకెట్లు రాలితే చాలు, ఆ వెడల్పు ఎందుకూ కొరగాదు. టూమిమ్ గ్రాఫులో చూసిన వంపు నా ల్యాప్‌టాప్‌లో కదులుతుంటే, సమావేశంలో సంఖ్యల మీద అంతసేపు వాదించుకున్నవాళ్లలో ఎంతమంది ఇక్కడికొచ్చి ఒక్క ఫైలు దించుకుని చూసి ఉంటారా అనిపించింది.

దీన్ని తప్పించుకోవడానికి పూల్స్ పట్టుకున్న అడ్డదారి ఒకటుంది. బ్లాకంతా వచ్చేదాకా ఆగకుండా 80 బైట్ల హెడర్ అందగానే దాని మీద తవ్వడం మొదలుపెట్టడం. సరిచూడకుండా నమ్మడమన్నమాట. 2015 జూలై 4న బిప్ 66 నియమం అమల్లోకి రాగానే ఎవరో చెల్లని బ్లాకు కనుక్కున్నారు. దాన్ని సరిచూడకుండానే మిగతావాళ్లు పేర్చుకుంటూ పోయారు. ఆరు బ్లాకుల చెయిన్ మొత్తం చెత్తబుట్టలోకి పోయింది. టెస్ట్‌నెట్‌లో ఈ రోగం కనబడదు. అక్కడి కాయిన్‌కు విలువ లేదు కాబట్టి కొన్ని సెకన్ల కోసం అడ్డదారి తొక్కే అవసరం ఎవరికీ ఉండదు. ఎంత వేగంగా పంపగలమన్నది నకలు నెట్‌వర్క్ చెబుతుంది. డబ్బు పోతుందంటే మనిషి ఏం చేస్తాడన్నది చెప్పలేదు.

మర్నాడు హువాచియాంగ్‌బెయ్ ఎలక్ట్రానిక్స్ బజారుకు వెళ్లాను. అంతస్తుల మీద అంతస్తులు, కౌంటర్ల నిండా చిప్పులు, కేబుళ్లు, ఫోన్ల విడిభాగాలు. ఒక కౌంటర్‌లో వాడేసిన యాంట్‌మైనర్ మైనింగ్ యంత్రాలు పేర్చి ఉన్నాయి. ఫోన్‌లో అనువాదం పెట్టుకుని ఆ అమ్మకందారుని అడిగాను, బ్లాకు 8 మెగాబైట్లయితే మీకు ఇబ్బందా అని. ఆయన స్క్రీన్ చదివి, మళ్లీ చదివి, తల అడ్డంగా ఊపి తన జవాబు టైపు చేశాడు. వానాకాలంలో సిచువాన్‌లో జలవిద్యుత్తు చౌక, నువ్వు యంత్రం ఎక్కడ పెడతావు, యూనిట్‌కు ఎంత కడతావు అని. మెగాబైట్ల ఊసే లేదు. ఆయనకున్న లెక్క చాలా స్పష్టంగా ఉంది.

తర్వాతి సంగతులు దూరం నుంచి చూసినవే. 2016 మొదట్లో సెగ్విట్ కోసం సెగ్‌నెట్ అనే ప్రత్యేక పరీక్షా నెట్‌వర్క్ నడిచింది, మే నెలలో మామూలు టెస్ట్‌నెట్‌లోకి వచ్చింది. గోడ సమస్య కూడా గాలికి పోలేదు. ఆ ఏడాది ఆగస్టులో వచ్చిన కాంపాక్ట్ బ్లాక్స్‌తో, నోడ్ దగ్గర అప్పటికే ఉన్న లావాదేవీలను మళ్లీ పంపడం మానేసి వాటి గుర్తులు మాత్రమే పంపడం మొదలైంది. ప్రోగ్రామర్ మాట్ కొరాలో చేసిన ఫైబర్ పద్ధతిలో, కొన్ని ప్యాకెట్లు రాలినా మిగతావాటి నుంచి బ్లాకును తిరిగి కూర్చుకోవచ్చు. పరిమితి సంఖ్యను ముట్టుకోకుండా దారిని బాగుచేశారు. సైబర్‌పోర్ట్ కొలతల వల్ల కలిగిన అసలు మేలు ఇదేనని నా నమ్మకం.

విలువ ఉన్నచోట పరీక్ష మాత్రం అనుకోకుండా జరిగింది. 2017 మేలో బిట్‌కాయిన్ లాంటిదే అయిన లైట్‌కాయిన్ సెగ్విట్‌ను ముందుగా అమల్లోకి తెచ్చింది. సెగ్విట్ చిరునామాలోని డబ్బును ఎవరైనా కాజేయవచ్చన్న పుకారు అప్పటికి బాగా ఉంది. అది నిజమో కాదో తేలాలని ఒక అజ్ఞాత వ్యక్తి 40 వేల లైట్‌కాయిన్లు, ఆనాటి విలువలో సుమారు 10 లక్షల డాలర్లు, అలాంటి చిరునామాలో పెట్టి దమ్ముంటే తీసుకోమన్నాడు. ఎవరివల్లా కాలేదు. ఏ టెస్ట్‌నెట్టూ ఇవ్వలేని ధైర్యం ఆ ఒక్క పందెం ఇచ్చింది. ఆగస్టు 1న పెద్ద బ్లాకుల పక్షం 8 మెగాబైట్లతో బిట్‌కాయిన్ క్యాష్‌గా విడిపోయింది. అదే నెల 24న, 481824వ బ్లాకు దగ్గర, బిట్‌కాయిన్‌లో సెగ్విట్ అమల్లోకి వచ్చింది. అప్పుడు మాత్రం చెయిన్ చీలలేదు.

ఆ డిసెంబర్‌లో ధర 20 వేల డాలర్ల దరిదాపులకు ఎగబాకి జనం ఎగబడ్డారు. సగటు లావాదేవీ ఫీజు 50 డాలర్లు దాటింది. చోటు పెంచి నాలుగు నెలలయినా, లావాదేవీల్లో అత్యధికం పాతరకంవే. వాలెట్లు, ఎక్స్‌చేంజ్‌లు కొత్త చిరునామాలకు మారలేదు. అవెప్పుడు మారతాయన్నది ఏ టెస్ట్‌నెట్‌లోనూ ఎవరూ కొలిచిన విషయం కాదు. సెగ్విట్‌ను తెచ్చిన బిట్‌కాయిన్ కోర్ సాఫ్ట్‌వేర్ సొంత వాలెట్‌లోనే దానికి పూర్తి వసతి 2018 ఫిబ్రవరి చివర్లో, 0.16 వెర్షన్‌తో వచ్చింది. అప్పటికే జనం పలచబడి ఫీజులు దిగిపోయాయి.